విసురు వలకు సీసపు గుండ్లు పోసుకోవడం ఎలా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే సముద్రంలో వేట ఆగిపోతుంది. జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె, మైపాడు దాకా తీరం వెంట ఏ ఊరికి వెళ్లినా ఆ రోజుల్లో చెట్ల నీడన వలలు బాగుచేసుకునేవారే కనిపిస్తారు. సరిగ్గా అప్పుడే నన్ను అడిగేవారు ఎక్కువవుతారు. "అన్నా, పాత వల గుండ్లు కరిగించి కొత్త వలకు పోసుకోవచ్చా? ఎలా పోయాలి?" రొయ్యల చెరువుల వారు ఎదుగుదల చూసుకునే శాంపిల్ వల కోసం అడుగుతారు, కాలువల్లో సరదాగా చేపలు పట్టేవారూ అడుగుతారు. ఒక్కొక్కరికి సగం సగం చెప్పడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. సీసం పనిలో చెప్పకుండా వదిలేసిన సగమే చేయి కాల్చుతుంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇది వల గుండ్ల గురించి మాత్రమే. తుపాకి గుండ్లు పోయడం 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా చేస్తే నేరం. దాని గురించి నన్ను అడగవద్దు.

ఇంకొక మాట. ఇంట్లో గర్భిణి గానీ ఆరేళ్లలోపు పిల్లలు గానీ ఉండి, పనికి వేరే స్థలం లేకపోతే ఈ పని పెట్టుకోకండి. తయారు గుండ్లు కొనుక్కోండి. సీసం ఒంట్లోకి చేరితే ఎముకల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వల మీద మిగిలే నాలుగు రూపాయలు దానికి సాటి రావు.

ఎంత సీసం కావాలి

వల అడుగున ఉండే తాడు పొడవు కొలవండి. వల నడినెత్తి నుంచి అంచుదాకా 10 అడుగులుంటే చుట్టుకొలత దాదాపు 63 అడుగులు, అంటే 19 మీటర్లు. 10 సెంటీమీటర్లకు ఒక గుండు చొప్పున 190 గుండ్లు. ఒక్కొక్కటి 25 గ్రాములైతే 4 కిలోల 750 గ్రాములు. సులువుగా గుర్తుండే లెక్క ఇది: వల ఎన్ని అడుగులుంటే అన్ని 19 గుండ్లు. 6 అడుగుల శాంపిల్ వలకు 114 చాలు. కరిగేటప్పుడు పైకి తేలే మడ్డి కింద కొంత పోతుంది కాబట్టి 10 అడుగుల వలకు అయిదున్నర కిలోలు దగ్గర పెట్టుకోండి.

25 గ్రాముల గుండు కొలత: పొడవు 27 మి.మీ., లావు 11 మి.మీ., మధ్యలో 4 మి.మీ. రంధ్రం. 3 మి.మీ. తాడు ఇందులో హాయిగా దూరుతుంది.

కావలసినవి

సీసం. అన్నిటికంటే మంచిది పాత వల గుండ్లే. పాత ఇనుప సామాన్ల కొట్లో పాత టెలిఫోను కేబుళ్ల మీది సీసపు తొడుగు దొరికితే అదీ మెత్తటి మంచి సీసమే. కారు చక్రాలకు కొట్టే బ్యాలెన్సింగ్ బరువులు కూడా వాడవచ్చు గానీ వాటిలో ఇప్పుడు జింకువి, ఇనుపవి కలిసి వస్తున్నాయి. వేరు చేయడం తేలికే. గోటితో గీరితే గీత పడి, కాగితం మీద రుద్దితే బూడిదరంగు గీత గీసేది సీసం. గచ్చు మీద వేస్తే సీసం 'దబ్' మంటుంది, జింకు ఖంగుమంటుంది. అనుమానం ఉన్న ముక్కను పక్కన పడేయండి.

బ్యాటరీ పలకలు మాత్రం ముట్టుకోవద్దు. ఎవరు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. వాటిలో ఆమ్లం ఉంటుంది, సగానికి సగం సీసం కాదు, సీసపు మట్టి. ఆ పలకల్లో ఆర్సెనిక్, యాంటిమొనీ కలిసి ఉంటాయి. వాటి మడ్డికి తడి తగిలితే ప్రాణం తీసే వాయువులు పుట్టే ప్రమాదం ఉంది. పాత బ్యాటరీని కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి.

పాత్ర. లీటరు పట్టే మందపాటి ఇనుప పాత్ర, అడుగు చదునుగా ఉండాలి. 5 కిలోల సీసం అర లీటరు కూడా ఉండదు, కాబట్టి పెద్దది అక్కర్లేదు. అల్యూమినియం గిన్నె వాడకండి. మంట ఎక్కువైతే మెత్తబడి అడుగు ఊడిపోతుంది. పాలపొడి డబ్బాలు కూడా వద్దు, అతుకు దగ్గర విచ్చుకుంటాయి. ఈ పాత్ర, గరిటె మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. నేను రెండింటి మీదా ఎర్ర రంగుతో 'సీసం' అని రాసి పెట్టాను.

పొయ్యి. ఒంటి బర్నరు గ్యాసు పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ. మన తీరంలో సరుగుడు బొగ్గులకు కొదవ లేదు, సీసానికి ఆ వేడి చాలు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

ఇవి కాక పొడవు పిడి ఉన్న చిన్న ఇనుప గరిటె, మడ్డి తీయడానికి చిల్లుల గరిటె, పట్టకారు, ఒక కొవ్వొత్తి, అంగుళం ఎత్తున పొడి ఇసుక పోసిన ఇనుప పళ్లెం, బకెట్ నిండా పొడి ఇసుక. ఒంటి మీద పూర్తి చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు, కళ్లద్దాలు, పొడి తోలు చేతి తొడుగులు. ప్యాంటు అంచు బూటు మీదికి రావాలి, బూటులోకి దోపకూడదు. పాలిస్టర్ బట్ట వద్దు, అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. చెప్పులతో కూర్చున్నవారి కాలి మీద సీసం పడితే ఎలా ఉంటుందో నేను చూశాను.

అచ్చు

ఈ పనంతా అచ్చు మీదే ఆధారపడి ఉంటుంది. నా సలహా, లేత్ షాపులో అల్యూమినియం అచ్చు చేయించుకోండి. ఒకసారి చేయిస్తే మీ పిల్లలు కూడా వాడుకుంటారు. లేత్ వారికి ఇలా చెప్పండి: 27 మి.మీ. ఎత్తున్న రెండు అల్యూమినియం దిమ్మెలు పక్కపక్కన బిగించి, రెండూ కలిసే గీత మీద 11 మి.మీ. డ్రిల్లుతో అయిదు రంధ్రాలు ఆరపార వేయాలి. అడుగున ఒక ఇనుప పలక. పలక మీద ప్రతి రంధ్రం నడిమధ్యకు వచ్చేలా 4 మి.మీ. చువ్వ ఒకటి నిలబెట్టాలి. చువ్వ పైకి పోయేకొద్దీ కాస్త సన్నబడాలి. ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి, ఎందుకో కింద తెలుస్తుంది. దిమ్మెలు పట్టుకోవడానికి చెక్క పిడులు పెట్టించండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కూడా అచ్చు చేసుకోవచ్చు. యాభై అరవై గుండ్ల తరువాత పగుళ్లిస్తుంది. దాని అసలు ఇబ్బంది తేమ. నాలుగైదు రోజులు ఎండబెట్టి, తరువాత పొయ్యి పక్కన సన్నటి సెగకు ఉంచి, రోజూ తూకం వేయండి. వరుసగా రెండు రోజులు బరువు తగ్గకపోతేనే ఆరినట్టు. చేత్తో తడిమి 'పొడిగానే ఉంది' అనుకోవద్దు.

ఒకే ఒక్క వల ఉన్నవారికి అచ్చే అక్కర్లేదు. ఎల్ (L) ఆకారపు ఇనుప యాంగిల్ ముక్కను లోయలా ఇసుకలో నిలబెట్టి, రెండు చివరలూ మట్టితో మూసి, ఆ మట్టిని పూర్తిగా ఎండబెట్టి, యాంగిల్‌ను బాగా కాల్చి, అందులో సన్నగా సీసం పోయండి. పొడవాటి కడ్డీ వస్తుంది. దాన్ని ఇనుప దిమ్మె మీద సుత్తితో రేకులా సాగగొట్టి, ముక్కలు కోసి, తాడు చుట్టూ చుట్టి నొక్కేయడమే. గుండ్లంత అందంగా ఉండవు, పని మాత్రం చేస్తాయి.

ఎలా పోయాలి

1. రోజు ఎంచుకోండి. వాన వచ్చే సూచన ఉంటే ఆ రోజు వద్దు. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని తలపెట్టకపోవడమే మంచిది. వేసవిలోనైతే ఉదయం ఎనిమిదికీ పదకొండుకీ మధ్య చేయండి. రోహిణి కార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం కూర్చుంటే నుదుటి చెమట బొట్టు పాత్రలో పడుతుంది. తలకు తువ్వాలు చుట్టుకోండి.

ఇక్కడ కాసేపు ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క కారణం చేతనే. కరిగిన సీసం కిందికి ఒక్క నీటిచుక్క వెళ్లినా అది క్షణంలో ఆవిరై, తనకంటే వెయ్యి రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఆవిరి తన మీదున్న సీసాన్నంతా మీ ముఖం మీదికి ఎగదోస్తుంది. నేను ఒక కార్తీక మాసంలో అచ్చును రాత్రంతా వసారాలో వదిలేశాను. వాన తగలలేదు. పొద్దున చూస్తే పొడిగానే ఉంది. మొదటి గరిటె పోయగానే చిటపటమని సీసం పైకి ఎగిరింది, మణికట్టు మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది, అందులో ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు పట్టిన ఇనుము తేమను పీల్చుకుంటుంది. అందుకే కంటికి పొడిగా కనిపించినా సరే, కరిగిన సీసాన్ని తాకబోయే ప్రతి వస్తువునూ ముందు మంట మీద కాచాల్సిందే. గరిటె, చిల్లుల గరిటె, అచ్చు, చువ్వలు, అన్నీ.

2. స్థలం సిద్ధం చేయండి. ఆరుబయట, పిల్లలు, కోళ్లు రాని చోట. మూసిన కొట్టంలో వద్దు. పొయ్యిని ఇసుక పళ్లెం మీద, గట్టి నేల మీద పెట్టండి. సిమెంటు గచ్చు మీద నేరుగా సీసం ఒలికితే గచ్చులోని తేమకు పెచ్చులు లేచి చిమ్ముతాయి. సముద్రపు ఇసుక తెచ్చి వెంటనే వాడకండి, ముందు మూకుట్లో వేయించండి. పొయ్యి పొగ ఎటు పోతోందో చూసి, గాలి మీ వీపు వైపునుంచో పక్కనుంచో వచ్చేలా కూర్చోండి. మధ్యాహ్నానికి గాలి సముద్రం వైపునుంచి తిరుగుతుంది, అప్పుడు మీరూ చోటు మారాలి. కాలినచోట పోసుకోవడానికి నీళ్ల బకెట్ ఉండాలి గానీ పొయ్యికి పది అడుగుల దూరంలో ఉండాలి.

3. చల్లటి పాత్రలోనే సీసం నింపి, తరువాత మంట పెట్టండి. పాత వల గుండ్లు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. గుండు లోపల పాత తాడు ముక్క, దాని చుట్టూ బురద, ఉప్పునీరు ఇరుక్కుని ఉంటాయి. ముందు తాడు లాగేసి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. చల్లటి పాత్రతో మొదలుపెడితే మిగిలిన తేమ మెల్లగా ఆవిరైపోతుంది. కరిగిన మడుగులోకి అలాంటి గుండును పైనుంచి విసరడం అంటే టపాకాయ విసరడమే. మధ్యలో సీసం కలపవలసి వస్తే, ముక్కను పాత్ర అంచున కాసేపు వేడెక్కనిచ్చి గరిటెతో మెల్లగా లోపలికి జార్చండి.

4. కరగనివ్వండి, తొందరపడి మంట పెంచకండి. ఇనుప క్లిప్పులు, జింకు ముక్కలు సీసం కంటే తేలిక కాబట్టి పైకి తేలుతాయి. జింకు కరగాలంటే 419 డిగ్రీలు కావాలి. మంట అదుపులో ఉంటే అది కరగకముందే చిల్లుల గరిటెతో తీసేయవచ్చు. ఒకసారి జింకు కలిసిందంటే సీసం గంజిలా చిక్కబడి అచ్చు మూలల్లోకి పారదు. ఇక ఆ పాత్రెడు సీసమంతా వృథా.

5. శుభ్రం చేయండి. శనగగింజంత కొవ్వొత్తి మైనం వేయండి. పొగ వస్తుంది, ఒక్కోసారి భగ్గున మండుతుంది, ముఖం దూరంగా పెట్టండి. కాచిన గరిటెతో అడుగు, అంచులు గీకుతూ కలిపితే మట్టి, మసి బూడిదలా పైకి వస్తాయి. ఆ మడ్డిని తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి. ఈ మడ్డి పొడి, సీసం ముద్ద కంటే ప్రమాదకరం, గాలికి లేచి ముక్కులోకి పోతుంది. పొలంలోనో కాలువలోనో పారబోయకండి. డబ్బా నిండాక పాత సామాన్ల కొట్టుకు ఇవ్వండి.

6. అచ్చును సిద్ధం చేయండి. చువ్వలకూ, రంధ్రాల లోపలికీ కిరసనాయిలు దీపపు మసి పట్టించండి. నూనె రాయకండి, పొగలు కక్కి గుండులో బుడగలు తెస్తుంది. అచ్చును పొయ్యి పక్కన బాగా వేడెక్కనివ్వండి.

7. పోయండి. గరిటె నిండా తీసుకుని, ఆగకుండా ఒక్క ధారగా, రంధ్రం నిండి పైన చిన్న బుడిపె నిలిచేదాకా పోయండి. సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, ఆ బుడిపె లోటు పూడుస్తుంది. సగం పోసి ఆగి మళ్లీ పోస్తే రెండు పొరలుగా విడిపోతుంది.

8. బుడిపె మెరుపు పోయి మసకబారాక ఇరవై అంకెలు లెక్కపెట్టి అచ్చు తెరవండి. గుండ్లు చువ్వలను గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే చువ్వ పైకి సన్నబడాలని చెప్పాను. పట్టకారుతో కొద్దిగా తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తాయి. ఇసుక పళ్లెంలో వేసి చల్లారనివ్వండి. నీళ్లలో ముంచకండి. గుండుకు ఏమీ కాదు, ఆ తడి చేత్తో మీరు మళ్లీ అచ్చు పట్టుకుంటారు.

మొదటి రెండు మూడు వాయిలు బాగుండవు. అచ్చు ఇంకా వేడెక్కలేదన్నమాట. వాటిని తిరిగి పాత్రలోకి మెల్లగా జార్చండి.

గుండు చూసి తప్పు పట్టుకోవడం

ఒళ్లంతా ముడతలు, సగం నిండిన అంచు: అచ్చు చల్లగా ఉంది, లేదా సీసం వేడి చాలలేదు. ముందు అచ్చునే అనుమానించండి. చాలామంది మంట పెంచుతారు, అది తప్పు.

పైన మంచు పట్టినట్టు తెల్లటి మసక: వేడి ఎక్కువైంది. పాత్రలో సీసం మీద పసుపు, ఊదా రంగుల పొర తిరుగుతున్నా ఇదే అర్థం. మంట తగ్గించండి. వేడి పెరిగేకొద్దీ విషపు ఆవిరి కూడా పెరుగుతుంది.

లోపల బోలు, బరువు తక్కువ: మైనమో నూనెయో తేమో చిక్కుకుంది. నాలుగు గుండ్లు అడ్డంగా కోసి చూడండి.

రంధ్రం ఒక పక్కకు ఒరిగింది: చువ్వ వంగింది. అలాంటి గుండు పలచటి వైపు త్వరలోనే చిట్లుతుంది, వాడకండి.

బాగా వచ్చిన గుండు నున్నగా, వెండిలా మెరుస్తుంది. పది గుండ్లు కలిపి తూచండి. 250 గ్రాములకు అటూ ఇటూ పది గ్రాములు పరవాలేదు. విడివిడిగా ఏ రెండింటికీ రెండు గ్రాములకు మించి తేడా ఉండకూడదు. తేడా ఉంటే వల విసిరినప్పుడు ఒక పక్క ముందుగా పడి, గుండ్రంగా విచ్చుకోదు.

నునుపు చేసి, ఎక్కించడం

బుడిపెను కత్తెర నోటి పట్టకారుతో కత్తిరించండి. రంధ్రం అంచు పదునుగా ఉంటే తాడును రోజూ కొంచెం కొంచెం కోసేస్తుంది. నాలుగున్నర మి.మీ. డ్రిల్లు ముక్కను చేత్తోనే తిప్పి ఆ పదును తీయండి. ఆకురాయి వాడకండి, సీసపు పొడి లేస్తుంది. కింద వార్తాపత్రిక పరిచి, రాలిన ముక్కలన్నీ మడిచి మడ్డి డబ్బాలో వేయండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. రేకు గుండ్లను తాడు మీద పళ్లతో నొక్కే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. మా పెద్దలూ అలాగే చేసేవారు. దయచేసి మానుకోండి, చూసిన కుర్రవాళ్లను మాన్పించండి. ఒక చిన్న పట్టకారు వల సంచిలో వేసుకుంటే సరిపోతుంది.

పని అయ్యాక సబ్బుతో చేతులు, గోళ్ల సందులు, ముఖం కడుక్కునేదాకా నీళ్లు తాగవద్దు, బీడీ ముట్టించవద్దు, తమలపాకు నోట్లో పెట్టవద్దు. ఆ బట్టలు విడిగా ఉతకండి. వాటితో బిడ్డను ఎత్తుకోకండి.

కాలితే: వెంటనే చల్లటి నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచండి. చర్మానికి అంటుకున్న సీసాన్ని పెరకకండి. ఇంకు, పసుపు, టూత్‌పేస్టు ఏదీ పూయకండి. అరచేతికి, ముఖానికి, కంటికి తగిలితే ఎంత చిన్నదైనా ఆసుపత్రికే వెళ్లండి.

గుండ్లు ఎక్కించిన వలను మొదట నీటిలో కాదు, పొడి ఇసుక మీద విసరండి. గుండ్లు పడిన గుర్తులు ఇసుకలో వలయంగా కనిపిస్తాయి. వలయం ఎక్కడ లోపలికి నొక్కుకుపోయిందో అక్కడి గుండ్లు తేలికవి, లేదా దూరదూరంగా ఉన్నాయి. సరిచేసి మళ్లీ విసరండి. రెండు మూడు సార్లకు వలయం కుదురుతుంది. నీటిలో మొదటి రోజు వేట అయ్యాక తాడు సాగి గుండ్లు జరుగుతాయి. ఇంటికి రాగానే వల ఆరబెట్టేటప్పుడు ఒక్కొక్క గుండునూ వేలితో కదిపి, జరిగిన చోట ముడి మళ్లీ బిగించండి.